పాళెగాని తుపాకికి పాటదారు ఏడీ?

ఎన్నికల కోడ్ వచ్చిందంటే చాలు, బళ్ళారి జిల్లాలోనూ సరిహద్దుకు ఇవతల ఆలూరు, రాయదుర్గం వైపునా లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషన్ల దారి పడతాయి. అప్పగించి, రసీదు జేబులో పెట్టుకుని ఇంటికి పోవాలి. వాటిలో ఎక్కువగా ఉండేవి పన్నెండు బోరు తుపాకులు, .315 రైఫిళ్లు. ఎక్కడో ఒకటి వాటికంటే పాతది బయటపడుతుంది. "ఇది మా తాతల కాలంది సార్, ఫారిన్‌లో వేలం పెడితే లక్షలొస్తాయంట" అనే మాట కూడా దాని వెంటే వస్తుంది. పాత సైనిక తుపాకుల వేలంలో ఏది అరుదు, ఎవరు తేలుస్తారు, దేన్ని చూసి తేలుస్తారు అన్న ప్రశ్న అంతా ఆ మాటలోనే ఉంది. లండన్, న్యూయార్క్ కేటలాగుల్లో దీనికి దొరికే జవాబు ఒకటి. బళ్ళారి నుంచి చూస్తే కనిపించే జవాబు ఇంకొకటి.

వేలం కేటలాగు "అరుదైనది" అన్నప్పుడు మూడు వేర్వేరు లెక్కలను ఒకే మాటలో చుట్టేస్తుంది. ఎన్ని తయారయ్యాయి, వాటిలో ఎన్ని మిగిలాయి, మిగిలినవాటిలో ఎన్ని అమ్మకానికి వస్తాయి. మొదటి లెక్క ఫ్యాక్టరీ రికార్డుల్లో దొరుకుతుంది కాబట్టి అందరూ దాన్నే పట్టుకుంటారు. రెండోది ఎవరికీ సరిగా తెలియదు. మూడోది చట్టాల మీద, వారసుల తగాదాల మీద, యుద్ధాల మీద ఆధారపడి ఏటికేడు మారుతుంది. ఇవి కాక కొనేవాళ్లెందరు అన్న నాలుగో సంగతి ఉంది. అది ధరను నిర్ణయిస్తుంది కాని అరుదుతనాన్ని కాదు. పట్టుబట్టిన ఇద్దరు పాటదారులు ఒకే గదిలో కూర్చుంటే మామూలు వస్తువు కూడా కొండెక్కుతుంది. మరుసటి ఏడు ఆ ఇద్దరిలో ఒకరు రాకపోతే అదే వస్తువు రిజర్వు ధర కూడా అందుకోదు. ఒక్క వేలంలో పలికిన ధర చూపించి "చూశారా, ఎంత అరుదో" అనేవాళ్లను నేను నమ్మను.

మొదటి లెక్కకు మనందరికీ తెలిసిన ఉదాహరణ .303. కాలేజీలో ఎన్‌.సి.సి. చేసినవాళ్ల భుజం దాని బరువును ఇప్పటికీ మరిచిపోయి ఉండదు. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి వీడ్కోలు చెప్పింది 2020 గణతంత్ర దినోత్సవానికి. అది చెందిన లీ-ఎన్‌ఫీల్డ్ కుటుంబంలో అన్ని రకాలూ కలిపి కోటీ డెబ్బై లక్షలకు పైగా తయారయ్యాయని అంచనా. ఇంత విస్తారంగా ఉన్నదాన్ని అరుదని ఎవరంటారు? అంటారు, ఎందుకంటే అరుదుతనం ఆ పేరులో ఉండదు, లోపలి తేడాల్లో ఉంటుంది. 1922 నుంచి 1924 దాకా ఎన్‌ఫీల్డ్‌లో పరీక్ష కోసం చేసిన మార్క్ 5 రకం సుమారు 20 వేలు. రెండో ప్రపంచ యుద్ధంలో హాలండ్ అండ్ హాలండ్ వారు టెలిస్కోపు అమర్చి ఇచ్చిన నంబర్ 4 స్నైపర్ రైఫిలుకు, ఆ టెలిస్కోపు నంబరు కొయ్య మీద కూడా కొట్టి ఉండాలి. నంబరు కుదిరితే ఒక ధర, కుదరకపోతే వేరొక ధర. బోల్టు, గొట్టం, ముందు మూతి బిగింపు, సైటు వీటన్నిటి మీదా ఒకే నంబరు ఉందా లేదా అని చూడటమే కొనేవాడు చేసే మొదటి పని.

మన ఇషాపూర్ ఫ్యాక్టరీ సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డున పాత తుపాకి మందు కార్ఖానా ఉన్న చోట, 1900ల తొలి దశకంలో రైఫిళ్ల తయారీ మొదలైంది. అక్కడ చేసిన, లేదా బాగుచేసిన రైఫిలు ముందు కొయ్యకు అడ్డంగా, మేగజీనుకు కాస్త ముందు, ఒక మర కనిపిస్తుంది. కొయ్య చీలిపోకుండా పట్టి ఉంచడానికి వేసింది. పాశ్చాత్య సంగ్రాహకులు ఒకప్పుడు దాన్ని లోపంగా చూసేవాళ్లు, ఇప్పుడు భారతీయ సేవకు గుర్తుగా చూస్తున్నారు. చైనా యుద్ధం తర్వాత 1960లలో అదే నమూనాను 7.62 తూటాకు మార్చి 2ఎ, 2ఎ1 రైఫిళ్లు చేశారు. ఇంకొంత కాలం వెనక్కి పోతే, .303ను పోలీసులకూ కాపలా వాళ్లకూ ఇవ్వడానికి ఇష్టపడని దొరతనం, గొట్టం లోపలి గాడులు తీసేసి .410 బోరుకు మార్చి, మేగజీనులో కొయ్య దిమ్మ పెట్టి ఒక్కో తూటాగా పేల్చేటట్టు చేసింది. అమెరికాలో ఇవన్నీ మిగులు సరుకుగా కారుచౌకగా అమ్ముడైన రోజులున్నాయి. ఇక్కడ మాత్రం .303, 7.62 బోర్లు మామూలు పౌరుడికి నిషిద్ధం. ఆ నిషేధం వల్లనే లీ-ఎన్‌ఫీల్డ్ యంత్రాంగాన్నే తీసుకుని .315 బోరుతో వేట రైఫిలు చేశారు. బళ్ళారి రైతు పేరున లైసెన్సు ఉన్నది అదే. లక్షల్లో తయారైన వస్తువు కొన్న దేశంలో పాత సామాను, చేసిన దేశంలో అందని మాని పండు. రెండు చోట్లా ఒకే రైఫిలు, కాని "అరుదు" అన్న ముద్ర మాత్రం వేరు.

రెండో లెక్క ఎంత నమ్మరానిదో నేపాలు చూపించింది. 2003లో కాఠ్మండూలోని లగన్ సిలేఖానా అనే పాత భవనంలో ఉన్న సుమారు 50 వేల పాత ఆయుధాలను అమెరికా వ్యాపారులు కొనుక్కుని పోయారు. బ్రన్స్‌విక్ రైఫిళ్లు, ఎన్‌ఫీల్డ్ మస్కెట్లు, మార్టినీలు, నేపాలీలే తయారుచేసుకున్న గహేంద్ర రైఫిళ్లు అందులో ఉన్నాయి. అంతకు ముందు గహేంద్రను పాశ్చాత్య సంగ్రాహకులు దాదాపు ఎరగరు. బ్రన్స్‌విక్‌ను మ్యూజియంలో చూసి తృప్తిపడేవారు. ఒక్క గోదాము తలుపు తెరుచుకోగానే మంచి బ్రన్స్‌విక్ మధ్యతరగతివాడి చేతికి వచ్చింది. గోదాము తెరవక ముందు రాసిన పుస్తకాల్లో, కేటలాగుల్లో ఉన్న "అరుదైనది" అనే ముద్ర అబద్ధం కాదు, ఆ రోజుకు నిజం. అయితే ప్రపంచంలో ఇంకా తెరవని గోదాములు ఎన్ని ఉన్నాయో తెలియనప్పుడు ఆ ముద్ర మీద డబ్బు పెట్టడం జూదమే.

నాణేల వాళ్లు ఈ విషయంలో తుపాకుల వాళ్లకంటే ముందున్నారు. వాళ్లకు షెల్డన్ కొలమానం ఉంది. ఒకటి నుంచి మూడు తెలిసినవైతే ఆర్-8, నాలుగు నుంచి పన్నెండైతే ఆర్-7, అలా కిందికి. ఆదోనిలో ఇంతియాజ్‌గఢ్ పేరుతో కొట్టిన మొగలు నాణెం వేలానికి వస్తే, అలాంటివి ఇంతకు ముందు ఎన్ని, ఎక్కడెక్కడ అమ్ముడయ్యాయో తిరగేసి చూడవచ్చు. తుపాకికి అలాంటి పద్దు ఎక్కడా లేదు. నాణేన్ని జేబులో వేసుకుని తిరగవచ్చు, తుపాకిని తిప్పలేం. అందుకే తుపాకుల లెక్కలు ఇళ్లలో, ఠాణాల్లో, మ్యూజియం గోదాముల్లో చెల్లాచెదురుగా ఉండిపోయాయి.

ఇక టిప్పు. బళ్ళారితో ఆయన కుటుంబానికి ఉన్న లంకె తెలిసిందే. కోట కొండ మీద నిలబడితే కింద కనిపించే ఊరు హైదర్ అలీ పట్టుకున్నది. 1792లో, 1799లో టిప్పు చేతి నుంచి నిజాముకు దక్కిన భూభాగాలే 1800లో ఈస్టిండియా కంపెనీకి దత్తమై, మనకు దత్తమండలంగా మిగిలాయి. కాబట్టి ఈ ప్రాంతం పేరు చెప్పి వేలంలో అరుదుతనం గురించి మాట్లాడితే మైసూరు తుపాకులే ముందు గుర్తొస్తాయి. వాటి లక్షణాలు బాగా తెలిసినవే. గొట్టం మీదా లాకు మీదా పులిచారలు, పులి తలలు, హైదర్ పేరులోని తొలి అక్షరం, చేసిన పనివాడి పేరు, మౌలూదీ శకం తేదీ. ఆ శకం లెక్కలో 1215 అంటే మన 1787. టిప్పు నాణేల మీద అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. తెలియనివాడు ఎడమ నుంచి చదివితే 1215 కాస్తా 5121 అయి కూర్చుంటుంది. టిప్పు వస్తువు చేతికి వచ్చినప్పుడు నిపుణుడి కళ్లు ముందు పోయేది ఆ అంకెల మీదికే.

2015 ఏప్రిల్‌లో లండన్ బోనమ్స్ వేలంలో రాబిన్ విగింగ్టన్ సేకరించిన టిప్పు ఆయుధాలు 30 లాట్లు కలిసి 60 లక్షల పౌండ్లు దాటాయి. పులి తల పిడి ఉన్న ఒక ఖడ్గమే 21 లక్షలకు పైగా పలికింది. కంచు ఫిరంగి ఒకటి 14 లక్షలు. ఇక్కడ ఆగి చూడాల్సిన విషయం ఒకటుంది. టిప్పు తుపాకుల మీద 1992లో వచ్చిన ప్రామాణిక గ్రంథం రాసింది ఆ విగింగ్టనే. ఏ రకం ఎన్ని ఉన్నాయో లెక్క కట్టినవాడూ, వాటిని కొని దాచుకున్నవాడూ ఒకరే. ఆయన నిజాయితీని శంకించనక్కర లేదు, అంత శ్రద్ధగా ఆ పని చేసినవారు మరొకరు లేరు. అయినా పాటదారుడు చేతిలో పట్టుకున్న అరుదుతనపు పట్టిక అమ్మకందారు ఇంట్లోనే తయారైందన్న సంగతి పాటదారుడికి గుర్తుండాలి.

2019లో ఇంగ్లండులోని బర్క్‌షైర్‌లో ఒక ఇంటి అటకమీద దొరికిన టిప్పు వస్తువులు వేలానికి వచ్చాయి. శ్రీరంగపట్నం నుంచి కంపెనీ మేజరు థామస్ హార్ట్ తెచ్చుకున్నవని చెప్పారు. వెండి తొడుగుల చెకుముకి తుపాకి, దాని బాయొనెట్‌తో కలిపి 60 వేల పౌండ్లకు పోయింది. దాని మీద యుద్ధంలో తిన్న దెబ్బల గుర్తులు ఉన్నాయనీ, టిప్పు కడసారి పోరులో వాడింది కావచ్చనీ ప్రచారం జరిగింది. 2023లో మరో టిప్పు తుపాకి దేశం దాటిపోకుండా బ్రిటన్ ప్రభుత్వం తాత్కాలికంగా ఆపింది. దాని విలువ 20 లక్షల పౌండ్లుగా కట్టారు. అసద్ ఖాన్ ముహమ్మద్ అనే పనివాడు 1793-94 ప్రాంతంలో చేసిన వేట తుపాకి అది, కార్న్‌వాలిస్ చేతికి చేరిందంటారు. 60 వేలెక్కడ, 20 లక్షలెక్కడ! రెండూ టిప్పువే, రెండూ పాతవే. తేడా అంతా పనివాడి సంతకం, తేదీ, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందన్న కాగితం. "ఆఖరి యుద్ధంలో వాడింది" అన్నది వినడానికి బాగుండే కథ. సంతకం, తేదీ చూసి పరీక్షించదగ్గ సాక్ష్యం. ఈ ఒక్క చోట మార్కెట్టు సరిగ్గానే తూచిందని నా అభిప్రాయం.

అన్ని టిప్పు వస్తువులు ఇంగ్లండులో ఎందుకున్నాయి అంటే, 1799 మే 4న శ్రీరంగపట్నం కోట పడ్డాక దోపిడీ సొత్తును పంచడానికి ఒక కమిటీ వేసి, లెక్క రాసి, హోదా ప్రకారం సైన్యానికి పంచారు. దోచిన సొమ్ము కాబట్టే అది భద్రంగా ఉంది. గోడలకు తగిలించారు, నూనె రాశారు, మనవళ్లకు ఇచ్చారు. దోపిడీకి నోచుకోని తుపాకుల గతి ఏమైందో చూడాలంటే దత్తమండలానికి రావాలి.

1800 నుంచి 1807 దాకా ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ముందున్న పెద్ద పని పాళెగాళ్లను అణచడం. హరపనహళ్లి, జరిమలె, గుడేకోట, రాయదుర్గం మొదలుకొని చిన్నాపెద్దా కలిపి 80 మంది దాకా పాళెగాళ్లు, వాళ్ల కింద వేలల్లో బంట్లు. బోయ దళాల గురికి పెట్టింది పేరు. 1801లో ఆదోని వైపు తెర్నెకల్లు కోట మీదికి జనరల్ క్యాంప్‌బెల్ సేన వస్తే మొదటి దాడిని ఊరివాళ్లే తిప్పికొట్టారు. తర్వాత ఏమయిందో ఊహించవచ్చు. దళాలను రద్దు చేశారు, కోటలు పడగొట్టారు, ఆయుధాలు లాక్కున్నారు. 1878 ఆయుధ చట్టం వచ్చి, భారతీయుడు తుపాకి పట్టుకోవాలంటే లైసెన్సు కావాలన్నాక మిగిలినవి కూడా అటకెక్కాయి, లేదా బావుల్లో పడ్డాయి. తంజావూరు మరాఠా రాజుల ఆయుధశాలకు కూడా 1860లలో అదే గతి పట్టింది. విరగ్గొట్టి పాత ఇనుముగా అమ్మేస్తుంటే ఎవరో ఒకరు అడ్డుపడి కొంత ఏరి మద్రాసు మ్యూజియానికి చేర్చారు. రాజుల ఆయుధశాలకే ఆ గతి అయితే జరిమలె బంటు చేతి తుపాకిని ఏరేదెవరు?

ఆ బంటు చేతిలో ఉన్నది చాలావరకు వత్తి తుపాకి. కేటలాగుల్లో దాని పేరు తోరదార్. పొడవాటి గొట్టం, సన్నటి కొయ్య, వత్తిని పట్టి ఉంచే పాములాంటి కొక్కెం. ఊరి కమ్మరి చేసింది. నంబరు లేదు, తేదీ లేదు, ఫ్యాక్టరీ ముద్ర లేదు. వేలం నిపుణుడికి పట్టుకోవడానికి ఏమీ లేదు. అందుకే అలాంటిది వచ్చినా "దక్షిణ భారతం, 18వ శతాబ్దం" అని ఒక్క వాక్యం రాసి పక్కన పెడతారు. ఫలానా పాళెగాని కోటలోది అని ఖచ్చితంగా నిలబెట్టగలిగిన దత్తమండల తుపాకి ఒక్క లాటు కూడా ఇంతవరకు నా కంటపడలేదు. టిప్పు తుపాకులు కొన్ని డజన్లయినా పేరూ ఊరూతో ఉన్నాయి. సంఖ్యను బట్టి తూచితే పాళెగానిదే అరుదు. ధరను బట్టి తూచితే అది పాత ఇనుము. అరుదుగా ఉండటం ఒక ఎత్తు, అరుదని రుజువు కావడం ఇంకో ఎత్తు. వేలంలో పలికేది రెండోదే. పలకరాదని అనలేం, కాగితం లేని మాటకు డబ్బివ్వమని ఎవరినీ అడగలేం కదా. కాని ఆ కాగితం లేకపోవడం ఆ తుపాకి తప్పు కాదు. దాన్ని లాక్కున్న దొరతనం రాసిపెట్టలేదు, అంతే.

ఒక వస్తువును చేతిలోకి తీసుకున్నప్పుడు దాని నిజం ఎలా రుజువవుతుందో చూద్దాం. కంపెనీ సిపాయి చెకుముకి మస్కెట్టు ఒకటి మన ముందుందని అనుకోండి. ముందుగా లాకు పలక. దాని మీద హృదయాకారంలో గీత గీసి, నాలుగు గళ్లు చేసి, కంపెనీ అక్షరాలు కొట్టి ఉంటే 1808కి ముందుది. వెనుక కాళ్ల మీద నిలబడ్డ సింహం ఉంటే తర్వాతది. చెకుముకి రాయిని పట్టే కోడిమెడ సన్నగా హంస మెడలా వంగి ఉందా, లేక మధ్యలో రంధ్రం పెట్టి బలంగా చేసిందా అన్నది రెండో చూపు. బ్రిటిషు సైన్యం 1809 ప్రాంతంలో ఈ రెండోదానికి మారింది. ఈ రెండు సాక్ష్యాలూ ఒకదానికొకటి పొసగాలి. సింహం ముద్ర ఉండి హంస మెడ ఉంటే మార్చారని కాదు, కాని ఎందుకు అని అడగాలి. మూడోది గొట్టం పొడవు. ఇండియా పాటర్న్ అయితే 39 అంగుళాలు ఉండాలి. 36 ఉంటే ఎవరో మూతి కోసేశారు. ఆ మూడు అంగుళాలతో పాటే ధర కూడా కోసుకుపోయింది.

1857 తిరుగుబాటు తర్వాతవి ఇంకా మాయగా ఉంటాయి. దేశీ దళాలకు తెల్లవాళ్లకంటే నాసి ఆయుధం ఇవ్వాలని ఎన్‌ఫీల్డ్ ఆకారంలోనే గాడులు లేని మస్కెట్టు చేయించారు. దూరం నుంచి చూస్తే 1853 ఎన్‌ఫీల్డే. కొలమానం పెడితే గొట్టం .577కి బదులు .656 వస్తుంది. వెనుక పైకి లేపే సైటు బదులు కదలని దిమ్మ ఒకటి. బయటకు తెలియకుండా చేసిన అవమానం అది. సంగ్రాహకులు చాలాకాలం దీన్ని "చెడిపోయిన ఎన్‌ఫీల్డ్" అని విదిలించేశారు. మన చరిత్రకు అసలు ఎన్‌ఫీల్డ్ కంటే ఇదే ముఖ్యం.

దొంగ సరుకు గురించి పెద్దగా చెప్పనక్కర లేదు, చదువుకున్న మోసం తక్కువ. పెషావరు దగ్గర దర్రా ఆదంఖేల్ చేతిపనివాళ్లు రైఫిలును పూర్తిగా చేత్తో చేయగలరు. వాళ్లకు తెలియనిది అక్షరాలు. విక్టోరియా రాణి ముద్ర కింద 1919 అని కొడతారు, రాణి పోయింది 1901లో. ఎన్‌ఫీల్డ్ పేరులో ఇంగ్లీషు ఎన్ అక్షరం తిరగబడి ఉంటుంది. తమాషా ఏమిటంటే, ఇప్పుడు అవి కూడా సేకరించే వస్తువులే. భయపడాల్సింది ఆ తప్పులను కాదు. అసలు తుపాకి మీద కొత్తగా కొట్టిన నిజమైన ముద్రను. మామూలు నంబర్ 4ను కోసి అడవి కార్బైనుగా మార్చినవి, మామూలు రైఫిలుకు టెలిస్కోపు పెట్టి స్నైపర్ అని అమ్మినవి వేలాల్లో కొల్లలు.

ఇప్పుడు చట్టం దగ్గరికి. మన ప్రాంతపువాడు ఇవన్నీ తెలుసుకుని చేయగలిగింది ఏమిటి? 1959 ఆయుధ చట్టం 45వ సెక్షను ప్రకారం, పాత నమూనాది లేదా పురాతన విలువ గలది అయి, బాగుచేసినా చేయకపోయినా తుపాకిగా పనికిరాని దానికి ఆ చట్టం వర్తించదు. అంటే తుపాకిని స్వేచ్ఛగా ఇంట్లో పెట్టుకోవాలంటే అది చచ్చి ఉండాలి. ప్రపంచ వేలంలో విలువ కట్టేది మాత్రం చెక్కుచెదరని దానికి. గొట్టంలో వెల్డింగు వేసిన మరుక్షణం సంగ్రాహకుడి దృష్టిలో అది శవం. ఇటు చట్టానికి నచ్చితే అటు మార్కెట్టుకు నచ్చదు. వందేళ్లు దాటినదైతే 1972 పురావస్తు చట్టం కూడా వచ్చి చేరుతుంది. దేశం దాటించడానికి ప్రైవేటు వ్యక్తికి వీల్లేదు. కాబట్టి "ఫారిన్‌లో వేలం పెడితే" అన్న మాట అక్కడితో సరి. మన పక్కనే కొడగులో పరిస్థితి వేరు. కొడవలకూ జమ్మా భూమిదారులకూ లైసెన్సు మినహాయింపు ఉంది, 2029 దాకా పొడిగించారు కూడా. కైల్‌పోళ్దు పండుగనాడు తుపాకికి పూలు పెట్టి పూజ చేస్తారు. అక్కడ వంశపారంపర్యపు తుపాకి ఇంటి మనిషిలా ఉండిపోయింది, ఇక్కడ దాని మీద ఎప్పుడూ ఒక అనుమానం.

ఆయుధ చట్టానికి వచ్చిన 2019 సవరణ ఒక్కొక్కరికి మూడు తుపాకుల పరిమితిని రెండుకు తగ్గించింది. వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోనే. మూడోది ఇచ్చేయాలన్నప్పుడు ఎవరైనా ఏది ఇస్తారు? వాడుకలో ఉన్న .315 ఉంచుకుని, మూలన పడి తుప్పుపట్టిన దాన్నే ఇస్తారు. పంట కాపలా పేరుతో అడవిపందుల మీదికి పేల్చే మందు తుపాకుల్లో కొన్నింటికి పాత గొట్టాలు ఉండవచ్చు. ఆ కొయ్య ఎన్నిసార్లు మారిందో, వత్తి తీసేసి కేపు ఎప్పుడు పెట్టారో చెప్పగల తరం పోతోంది. వేలానికి ఇవి రావు, రాకూడదు కూడా. రెండో లెక్కకు, అంటే ఎన్ని మిగిలాయన్న ప్రశ్నకు, జవాబు ఉన్నది మాత్రం వీటి దగ్గరే. ఠాణాలో అప్పగించిన రోజున ఆర్మరర్ ఎలాగూ నంబరూ బోరూ రాసుకుంటాడు. దాని పక్కనే గొట్టం పొడవు, లాకు మీది గుర్తు, తుపాకి వచ్చిన ఊరి పేరు మరో వరసలో రాస్తే, పురావస్తు శాఖవాళ్లు ఒక ఫోటో తీసుకుంటే, దానికి ఆయుధ చట్టం ఏ సెక్షనూ అడ్డు రాదు.